నంద్యాల కారుకు హీటరెందుకు

మార్చి నెలాఖరులో, మిట్టమధ్యాహ్నం, ఆళ్ళగడ్డ నడిబజారులో కన్నతండ్రిని కారులో కూర్చోబెట్టి హీటరు వేసిన కొడుకును మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఆ జాతిలో ప్రస్తుతానికి నేనొక్కణ్ణే ఉన్నాను. అది చెయ్యి తగిలి పొరపాటున పడింది కూడా కాదు. తెలిసి, ఆలోచించి, మీటను ఎర్ర గీత చివరిదాకా తిప్పి, ఫ్యానును నాలుగో నంబరులో పెట్టాను. అప్పటికే నాయన భుజాల మీద మూడు శాలువాలున్నాయి. ఇంత దుర్మార్గం ఎలా జరిగిందో వరసగా చెబుతాను. వరసగా చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు.

ముందు నా సంగతి. మెకానికల్ డిప్లొమా, దాని మీద బీటెక్. నంద్యాల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో ఉద్యోగం. అక్కడ ప్రతి పనికీ ఒక జాబితా ఉంటుంది. ఒక్కో మెట్టు పూర్తికాగానే టిక్కు పెట్టాలి. ఈ అలవాటును నేను ఇంటికి కూడా తెచ్చుకున్నాను. గ్యాసు సిలిండరు మార్చడానికి తొమ్మిది మెట్ల జాబితా రాసి మా వంటింటి తలుపుకు అంటించాను. మా అమ్మ దాన్ని ఒక్కసారీ చదవలేదు. సిలిండరు ఒక్కసారీ పేలలేదు. ఈ రెండింటికీ సంబంధం లేదని ఇప్పటికీ నా వాదన.

ఇక మా నాయన. ఇమ్మానుయేలు సారు అంటే ఆళ్ళగడ్డలో లెక్కలకు మారుపేరు. నంద్యాల నుంచి రోజూ బస్సులో వెళ్ళి అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పాడు, చివరి ఆరేళ్ళు హెడ్మాస్టరుగా చేశాడు. ఆయన నవ్వడం స్కూల్లో ఎవరూ చూడలేదు. మేమూ ఇంట్లో పండగలకే చూశాం. ఆ స్కూలు పిల్లలు ప్రతి సారుకూ ఒక పేరు పెడతారు. సోషల్ సారుకు 'గోడ గడియారం', హిందీ మేడముకు 'ఈల'. మా నాయనకు మాత్రం ఇన్నేళ్ళలో ఏ పేరూ పెట్టలేకపోయారు. పట్టుకోవడానికి ఎక్కడా పిడి దొరకని పాత్రలాగా నున్నగా ఉండేవాడు మరి.

ఆయన రిటైర్మెంటు రోజు దగ్గరపడింది. మా వైపు సారు రిటైరైతే ఊరికే పంపరు. పూలు కట్టిన బండిలో కూర్చోబెట్టి, ముందు తప్పెట్లతో, వెనక పిల్లలతో ఊరంతా తిప్పుతారు. దారిలో తెలిసినవాళ్ళంతా ఆపి శాలువాలు కప్పుతారు. పాత విద్యార్థులు వచ్చి ఓపెన్ జీపు మాట్లాడతామన్నారు.

"జీపు వద్దప్పా," అన్నాడు నాయన.

"ఎందుకు సార్, బాగుంటాది."

"బాగుంటాది. నా కంటే ముందుండిన హెడ్మాస్టరును కూడా జీపులోనే ఊరేగించిరి. బస్టాండు కాడ అది నిలబడిపాయె. పిల్లోళ్ళు యాడిదాకా తోసినారో గుర్తుండాదా?"

పాత విద్యార్థులు తలలు వంచుకున్నారు. గుర్తులేకేం. ఆ పెద్దమనిషికి ఆ రోజు పడిన పేరు 'తోపుడు సారు'. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషిని ఇవాళ ఆళ్ళగడ్డలో ఇంగ్లీషుతో ఎవరూ గుర్తుపట్టరు. ఆయన మనవడు కోయిలకుంట్లలో చదువుతుంటే, అక్కడ కూడా వాణ్ణి 'తోపుడు సారు మనవడు' అనే పిలుస్తారట.

వాళ్ళు వెళ్ళాక నాయన నన్ను పిలిచాడు. "రే శామూ, మన కారే తీస్కపోదాం. నువ్వు తోలు. ఇన్నేండ్లు ఆ పిల్లోళ్ళతో పేరు పెట్టిచ్చుకోకుండా నెట్టుకొచ్చినా. కడపటి రోజు పెట్టిచ్చేవు, జాగర్త."

అంతే. నాకు అంతవరకు ఆయన అప్పజెప్పిన అతి పెద్ద పని ఇదే. మా కారు పన్నెండేళ్ళది, తెల్లది, ఏ రోగమూ లేనిది. అయినా నేను కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఊరేగింపు అంటే నడక వేగం. బండి నడకన పోతే రేడియేటరుకు ఎదురుగాలి తగలదు. గాలి తగలకపోతే ఇంజను వేడి మోయాల్సిన భారమంతా కూలెంటు మీద పడుతుంది. మా కారులో కూలెంటు మార్చి ఎన్నేళ్ళయిందో రికార్డు లేదు. కాబట్టి పాతది తీసేసి, లోపలంతా కడిగి, కొత్తది పోయాలి. ఇంతవరకు నా ఆలోచనలో ఒక్క తప్పు కూడా లేదు. ఇది మీరు గుర్తుపెట్టుకుంటే సంతోషిస్తాను, ఎందుకంటే ఇకపై ఒప్పు అంటూ ఏదీ ఉండదు.

కొత్త కూలెంటు కొనడానికి మస్తానన్న షెడ్డుకు పోయాను. నంద్యాలలో మా వీధి చివర ఉంటుంది. మా కారు పుట్టినప్పటి నుంచి దాని నాడి చూస్తున్నది ఆయనే.

"ఎవురు మార్చేది?" అన్నాడు మస్తానన్న.

"నేనే అన్నా."

"ఇంజనీరప్పా, నీ బండి బాగుండాది. రేపు పని పెట్టుకోని ఈరోజు బాగుండే బండిని ఇప్పుతారా ఎవురైనా? లేకుంటే ఈడ ఇడ్సిపో, సాయంత్రానికి చేసిస్తా."

"మాన్యువల్ చదివినా అన్నా. పంతొమ్మిది మెట్లుండాయి."

మస్తానన్న చేతిలోని స్పానరు కింద పెట్టి, నా ముఖం వైపు కాసేపు చూశాడు. డాక్టరు దగ్గరికి పోయి 'నా పన్ను నేనే పీక్కుంటాను, కాస్త పట్టకారు ఇవ్వండి' అంటే ఆయన ఎలా చూస్తాడో, అలా.

"సరే తీస్కపో. ఏమన్నా అయితే ఫోన్ చెయ్," అన్నాడు.

ఏమీ కాదని నా నమ్మకం.

ఊరేగింపుకు ముందు రోజు ఉదయం ఇంటి ముందు పని మొదలుపెట్టాను. ఇంజను పూర్తిగా చల్లారిందని చేతితో తాకి చూశాను, టిక్కు. రేడియేటరు మూత విప్పాను, టిక్కు. కింద తొట్టి పెట్టి అడుగున ఉన్న బిరడా వదులు చేశాను. పాత కూలెంటు చిక్కగా, తుప్పురంగులో, పాచిపోయిన అంబలిలాగా కారింది. అది విషం, కుక్కలు నాకితే ప్రమాదం, కాబట్టి వెంటనే క్యానులో పోసి మూత బిగించి చీటీ అంటించాను. టిక్కు.

మా మేనత్త రూతమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. నాయన రిటైర్మెంటుకని నాలుగు రోజుల ముందే రుద్రవరం నుంచి దిగింది.

"ఏం చేస్తాండావ్ అల్లుడా?"

"కారుకు లోపల కడుగుతాండా అత్తా."

"పైన కడగరాదా, దుమ్ము కొట్టుకోని ఉండాది. రేపు జనం సూసేది పైననే కదా."

మంచినీళ్ళతో మూడుసార్లు కడిగాను. నాలుగోసారి తేటనీళ్ళు వచ్చేదాకా ఆగాను. మా బోరు నీళ్ళు ఉప్పు, గొట్టాల్లో పొర కడతాయి, కాబట్టి కొత్త కూలెంటులో కలపడానికి బ్యాటరీ అంగడి నుంచి డిస్టిల్డ్ వాటరు తెచ్చాను. బిరడా బిగించాను. పన్నెండు మెట్లు అయ్యాయి. పదమూడో మెట్టు దగ్గర పెన్ను ఆగింది.

'హీటరు మీటను పూర్తి వేడికి తిప్పి ఉంచి, తరువాత కూలెంటు పోయవలెను.'

నాకు నవ్వొచ్చింది. మీకు మా ఊరి ఎండ తెలియకపోతే ఒక మాట చెబుతాను. నంద్యాలలో కారు హీటరు అనేది ఒంటెకు కట్టిన గొడుగులాంటిది. కంపెనీవాళ్ళు అన్ని ఊళ్ళకూ ఒకే కారు చేస్తారు కాబట్టి మాకూ వచ్చింది. పన్నెండేళ్ళలో ఆ మీటను ఎవరూ తాకలేదు. మంచు కురిసే దేశాలవాళ్ళ కోసం రాసిన వాక్యమని తేల్చి, స్కేలు పెట్టి దాని మీద అడ్డగీత కొట్టి, పక్కన చిన్న అక్షరాలతో 'మన ప్రాంతానికి వర్తించదు' అని రాశాను. సంతకం కూడా పెట్టాను. ఫ్యాక్టరీలో అలా పెట్టాలి.

నాయన పేపరు చదువుతూ బయటికి వచ్చి జాబితా చూశాడు.

"ఈ గీత ఏందిరా?"

"అది మనకు అక్కరలేని మెట్టు నాయనా."

"లెక్కలో మెట్టు ఇడ్సిపెట్టినోనికి నేను సున్న ఏస్తాంటి."

"జవాబు సరిగ్గా వస్తే?"

"జవాబు ఎట్లొచ్చినా సున్ననే," అని లోపలికి వెళ్ళిపోయాడు. పాతకాలం మనిషి అనుకున్నాను.

కూలెంటు పోశాను. మాన్యువల్ ప్రకారం ఐదు లీటర్లు పట్టాలి. నాలుగు పోసేసరికి నిండిపోయింది. అంచుదాకా నిండి నన్ను చూస్తోంది. ఒక లీటరు మిగిలింది. మీరైతే అనుమానించేవారు. నేను మిగిలిన లీటరును అల్మారాలో పెట్టి, నా పనితనం వల్ల ఆదా అయిందని అమ్మకు చెప్పాను. "మంచిదే నాయనా, బెల్లం కూడా అట్లనే మిగిలిస్తే బాగుండు," అంది అమ్మ. రేపటి విందుకు ఆమె పాయసం లెక్కలు ఆమెవి.

మర్నాడు ఉదయం నలుగురం బయలుదేరాం. నేను తోలుతున్నాను, పక్కన నాయన, వెనక అమ్మ, అత్త. నంద్యాల దాటి రోడ్డు ఎక్కాక బండి వెన్నలా పోయింది. ఒక్కటే, మలుపుల్లో డాష్‌బోర్డు వెనక నీళ్ళు కదిలినట్టు గుడగుడ శబ్దం.

"ఎవురి కడుపప్పా అది?" అంది అత్త.

"నాది కాదు," అంది అమ్మ.

"నాదీ కాదు," అన్నాడు నాయన.

 ఎదురుగాలి బలంగా ఉంది, వేడి చూపే ముల్లు మధ్యలో కదలకుండా ఉంది. ముల్లు బాగున్నప్పుడు శబ్దాల గురించి ఎవరు ఆలోచిస్తారు.

స్కూల్లో సన్మానం అయ్యింది. ఒంటిపూట బడి కాబట్టి పిల్లలంతా ఉన్నారు. మేము లోపల ప్రసంగాలు వింటుంటే, పదో తరగతి పిల్లలు బయట కారును అలంకరించారు. ఎంత ప్రేమగా అలంకరించారంటే, నాలుగు కిటికీలకూ బంతిపూల దండలు పరదాల్లాగా కుట్టేశారు. అద్దం దించినా చెయ్యి పట్టేంత సందు తప్ప గాలి దూరదు. నాయన భుజాల మీద అప్పటికి రెండు శాలువాలు, ఒకటి టీచర్లది, ఒకటి స్కూలుది. నేను ఇంజను స్టార్టు చేయగానే అత్త, "ఒక్క నిమిసం, ప్రార్థన చేసుకోని కదుల్దాం," అంది. మా అత్త ప్రార్థన లోకం పుట్టుక దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి నా చదువు, రుద్రవరంలో ఆమె వరిమడి, ఆమె మోకాలు, ఇవన్నీ దాటుకుని ఈ ప్రయాణానికి చేరాలి. ఇంజను నిలబడి తిరుగుతోంది. ఆమెన్ అనేసరికి ముల్లు మధ్య నుంచి ఒక గీత పైకి జరిగింది.

ఊరేగింపు కదిలింది. ముందు తప్పెట్లు, వాటి ముందు ఎగిరే పిల్లలు, వెనక మూడు వందల మంది. స్కూలు గేటు నుంచి బస్టాండు మీదుగా నాలుగు రోడ్ల కూడలికి, అక్కడి నుంచి నంద్యాల రోడ్డులో పెట్రోలు బంకు దాకా వెళ్ళి అక్కడ వీడ్కోలు చెబుతారు. మొత్తం రెండు కిలోమీటర్లు. బస్టాండు చేరేసరికి ముల్లు ఇంకో గీత ఎక్కింది. అహోబిలం జీపుల స్టాండు దగ్గర డ్రైవర్లు ఆపారు. వాళ్ళలో సగంమంది నాయన చేతిలో తొమ్మిదో తరగతి తప్పినవాళ్ళే. మూడో శాలువా కప్పారు. ముల్లు ఎర్ర గీత అంచున నిలబడి అటూ ఇటూ చూస్తోంది.

నేను చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని మస్తానన్నకు ఫోను చేశాను.

"అన్నా, ముల్లు ఎర్రకు వస్తాంది."

"యాడుండావ్?"

"ఊరేగింపులో. నడకన పోతాండా."

"నిన్న పోసేటప్పుడు హీటరు తిప్పి పెట్టినావా?"

"లేదన్నా."

"ఎంత పట్టింది?"

"నాలుగు. ఒక లీటరు మిగిలింది."

"మిగిలిందంటావేందప్పా. ఆ లీటరు జాగాలో గాలి కూర్చోనుండాది. హీటరు గొట్టాలు తెరిసి పోస్తే ఆ గాలి బయటికి వస్తాది. నువ్వు మూసిపెట్టి పోసినావు, అది లోపల్నే ఇల్లు కట్టుకునింది. నీళ్ళు తిరగల్యాక ఇంజను కాగుతాంది."

"ఇప్పుడెట్ల?"

"ఆపి, చల్లారినాక మూత తీసి నీళ్ళు పొయ్యి. ముప్పావుగంట."

"ఆపేకి లేదన్నా. ఇదే బస్టాండు."

ఆ బస్టాండు సంగతి నంద్యాలలో ఉన్న మస్తానన్నకూ తెలుసు. 

"అయితే హీటరు తిప్పు."

"ఏసీ కదా అన్నా నువ్వనేది?"

"హీటరేప్పా. ఎర్ర గీత కాడికి తిప్పి, ఫ్యాను ఫుల్లు పెట్టు. ఇంజన్లో వేడి లోపలికి ఊదేస్తాది. ఇంజను బతుకుతాది."

"లోపల మనుషులుండారు."

"మనుషులకేమప్పా, చెమట పడతాది. ఇంజనుకు చెమట పట్టదు కదా. ఊరేగింపు అయ్యేదాకా ఆర్పద్దు."

తిప్పాను.

పన్నెండేళ్ళు పని లేకుండా కూర్చున్న హీటరు ఒక్కసారిగా దొరికిన అవకాశాన్ని వదులుకోలేదు. ముందు దుమ్ము, ఆ వెనక ఎండుటాకు ముక్కలు, ఆ వెనక ఇటుకల బట్టీ తలుపు తీసినట్టు వేడి. నాయన జనానికి నమస్కారం పెడుతూనే, పెదవులు కదలకుండా అడిగాడు.

"ఏందిరా ఇది? కాళ్ళ కాడ నిప్పులు పోసినట్టుండాది."

"హీటరు నాయనా."

"ఎందుకు?"

"ఇంజను కాగుతాంది. ఆ వేడి ఇట్ల తీస్తే బండి ఆగదు."

నాయన రెండు నమస్కారాలు పెట్టేంతసేపు లెక్క వేసుకున్నాడు.

"అంటే ఇంజను మీద ఉండేది నా మీదికి మార్చినావు."

"అవును నాయనా."

"ఎంతసేపు?"

"కిలోమీటరున్నర. అరగంట."

"ఆపితే?"

"తొయ్యాల."

ఆ మాటతో చర్చ ముగిసింది. "పోనీ," అన్నాడు.

వెనక సీటులో చర్చ ముగియలేదు.

"శామూ, నా పట్టుచీర," అంది అమ్మ.

"ఇడ్లీ పాత్రలో నాలుగు ఇడ్లీలు సర్దినట్టుండాది మన బతుకు," అంది అత్త. "అన్నా, ఈ కిటికీ పూలు తెంపేయనా, రవ్వంత గాలి వస్తాది?"

"తెంపద్దు రూతూ. పిల్లోళ్ళు కట్టినారు."

"పిల్లోళ్ళు కట్టినారు, పెద్దోళ్ళం ఉడుకుతాండాం."

అప్పుడే విత్తనాల అంగడి ఓనరు ఎదురొచ్చి చెయ్యి ఎత్తాడు. ఆయనా పాత విద్యార్థే. నాయన వైపు తలుపు తీసి, నాలుగో శాలువా కప్పాడు. శీతాకాలంలో కప్పుకునే అసలైన ఉన్ని శాలువా. మంచి మనసున్నవాడు, ఖరీదైనదే తెచ్చాడు. నాలుగు అడుగులు వేశామో లేదో ఆటో స్టాండు. ఐదో శాలువా. తీసి ఒళ్ళో పెట్టుకోవచ్చు కదా అని మీరనవచ్చు. కప్పినవాడు పక్కనే నడుస్తూ ఫోటోలు తీస్తుంటే ఎలా తీస్తారు. ఆరు, ఏడు. నాయన తల మాత్రమే బయట ఉంది. ఆ తల నుంచి చెమట కణతల మీదుగా, బుగ్గల మీదుగా, గడ్డం దాకా ధారగా కారుతోంది. ఆయన శాలువా కొంగు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. తుడిచేలోపే మళ్ళీ కారుతోంది.

కారు పక్కన నడుస్తున్న పదో తరగతి అమ్మాయి ఒకతె కిటికీ దండల సందులోంచి తొంగిచూసింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి. వెనక్కి తిరిగి చెప్పింది:

"సారు ఏడుస్తాండాడు."

"యాడ?"

"చూడు, తుడుచుకుంటాండాడు."

ఈ వార్త కారు వెనక్కి ఎంత వేగంగా పాకిందో నేను అద్దంలో చూశాను. మొదటి వరస ముఖాలు మారాయి, తర్వాత రెండో వరస, ఆ వెనక ఆఖరున వచ్చే అటెండరు దాకా. ఇన్నేళ్ళలో పెదవి విప్పి నవ్వని మనిషి, ఇన్విజిలేషనులో దగ్గితేనే పేపరు లాక్కునే మనిషి, తమను వదిలి పోలేక ఏడుస్తున్నాడు. అమ్మాయిలు మొదలుపెట్టారు. తర్వాత అబ్బాయిలు. తప్పెట్లవాళ్ళు కూడా దరువు తగ్గించి నెమ్మదిగా వేయసాగారు.

ఇక్కడ నాలోని ఇంజనీరుకు అసలు భయం పట్టుకుంది. జనం ఏడ్చేకొద్దీ అడుగు నెమ్మదించింది. అడుగు నెమ్మదించేకొద్దీ ఇంజను కాగింది. ఇంజను కాగేకొద్దీ హీటరు మండింది. హీటరు మండేకొద్దీ నాయనకు చెమట పట్టింది. చెమట చూసేకొద్దీ జనం ఏడ్చారు. ఇలాంటి వలయం యంత్రంలో కనబడితే వెంటనే కరెంటు తీసేయాలని మాకు చదువులో చెప్పారు. ఆళ్ళగడ్డకు కరెంటు ఎక్కడ తీయాలో చెప్పలేదు.

నాలుగు రోడ్ల కూడలిలో గడ్డం పెంచిన ఒక భారీ మనిషి కారుకు అడ్డం వచ్చాడు. తలుపు తీసి, ఏడు శాలువాలతో సహా నాయనను కౌగిలించుకున్నాడు.

"నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసినావు సార్. నా మీద నీకు ఇంత ప్రేమ ఉండాదని తెల్దు సార్."

"రే, ఊపిరాడ్తల్యా, వదులు," అన్నాడు నాయన.

"వదల్ను సార్. నీ ఒళ్ళు కాలిపోతాంది సార్. జ్వరంలోనే వచ్చినావా మాకోసం?"

"లేదప్పా. నువ్వు పక్కకు జరిగితే బండి పోతాది."

"జ్వరంలో వచ్చినాడంటప్పా సారు," అని వాడు వెనక్కి తిరిగి అరిచాడు.

అంతే. ఇక కూడలిలో కూరగాయలమ్మే ఆడవాళ్ళు కూడా కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళకు మా నాయన ఎవరో కూడా తెలియదు.

పెట్రోలు బంకు చేరేసరికి ముల్లు ఎర్ర గీత మీద ఉంది, దాటలేదు. బండి ఆగలేదు. ఎవరూ తోయలేదు. నాయన దిగాడు. పదకొండు శాలువాలతో, తడిసిన తలతో, ఎర్రబడిన ముఖంతో మూడు వందల మంది ముందు నిలబడ్డాడు. రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన నోరు తెరిచాడు. గొంతు ఎండిపోయి శబ్దం రాలేదు. చెయ్యి ఊపి తల దించుకున్నాడు. ఆ మౌనానికి జనం ఇంకో పది నిమిషాలు ఏడ్చారు. ఆయన జీవితంలో ఇచ్చిన అతి గొప్ప ఉపన్యాసం అదేనని ఇప్పటికీ చెప్పుకుంటారు.

జనం మలుపు తిరిగారో లేదో, నేను ఇంజను ఆర్పి, బంకులో రెండు లీటర్ల నీళ్ళ క్యాను పట్టుకుని బానెటు వైపు పరుగెత్తాను.

"ముందు మీ నాయనకు తాపురా," అంది అమ్మ.

అదీ నిజమే. మూత తీయడానికి ఎలాగూ ముప్పావుగంట ఆగాలి. నాయన సగం క్యాను తాగాడు. మిగిలిన సగం, ఇంజను చల్లారాక, కారు తాగింది. ఎంత పట్టిందో చెప్పమంటారా? సరిగ్గా లీటరు.

"ఇప్పుడు పోదామా?" అన్నాడు నాయన.

"పోదాం. కానీ గాలి పూర్తిగా పోయిందో లేదో తెల్దు. మస్తానన్నకు మళ్ళా ఫోన్ చేస్తే నంద్యాల దాకా హీటరు ఆర్పద్దన్నాడు."

నాయన నా ముఖం చూశాడు, కారు చూశాడు, రోడ్డు చూశాడు. అటుగా నంద్యాల బస్సు వస్తోంది. చెయ్యెత్తాడు. ఆ రోజు రిటైరైన హెడ్మాస్టరు గారు, మెడలో దండతో, చంకలో శాలువాల మూటతో, భార్యతో, చెల్లెలితో కలిసి, రోజూ వెళ్ళే బస్సులోనే ఇంటికి వెళ్ళాడు. వెనక హీటరుతో నేనొక్కణ్ణే వచ్చాను. నాకు అది తగిన శిక్షే. అడ్డు చెప్పలేదు.

పేరు మాత్రం పడింది. 'ఏడ్చిన సారు' అన్నారు. మొన్న ఆళ్ళగడ్డ బజారులో మామిడిపళ్ళు కొంటుంటే, తూకం వేస్తున్న ఆమె నాయనను తేరిపార చూసి, "నువ్వు పిల్లోళ్ళ కోసరం ఏడ్సిన సారువి కదూ," అని, రెండు పళ్ళు ఎక్కువ వేసింది. నాయన ఆ రెండూ సంచిలో వేసుకున్నాడు.

పోయిన వారం ఆయన స్నేహితుడు, సైన్సు సారు ఇంటి నుంచి ఫోను వచ్చింది. సారు భార్య. నాయన స్నానానికి పోవడంతో నేను ఎత్తాను.

"శామూ, వచ్చే నెల మా ఆయన రిటైర్మెంటప్పా. ఆయన కూడా మీ నాయన మాదిరే, రాయి. మొగంలో ఏమీ కనపడదు. మీ నాయన ఎంత ఏడ్సె, ఊరంతా ఎంత ఏడ్సె. ఆరోజు మీ నాయనకు ఏం చెప్పి ఏడిపిస్తివి? మా ఆయనకు కూడా రవ్వంత చెప్పుదువు."

నేను నిజాయితీ గలవాణ్ణి. నాణ్యత విభాగంలో పనిచేసేవాణ్ణి. "అది ఏడుపు కాదు ఆంటీ. కూలెంటులో గాలి చేరి, హీటరు వేయాల్సి వచ్చి..." అని మొదలుపెట్టాను. వెనక నుంచి తడిచేయి వచ్చి ఫోను లాక్కుంది.

"లేదమ్మా, పిల్లోడు ఏందో అంటాండాడు. ఏడ్సినా. నిజమే," అన్నాడు నాయన, తువ్వాలు భుజాన వేసుకుని. ఇంకో నాలుగు మాటలు మాట్లాడి పెట్టేశాడు.

"నాయనా, అబద్ధమెందుకు చెప్తివి? అదంతా చెమట కదా."

నాయన తల తుడుచుకుంటూ లోపలికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"హీటరు ఎప్పుడు ఏస్తివి?"

"బస్టాండు కాడ. జీపుల స్టాండు దాటినాక."

"నేను స్కూలు గేటు కాడ్నుంచే తుడుచుకుంటాంటి," అన్నాడు. "నువ్వు ముల్లు చూస్తాంటివి."

కాబట్టి, ఈ వ్యాసం చదివే అందరి సాక్షిగా, మా వీధి చివర మస్తానన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకటి, ఏ ఊరికైనా సరే, ఏ మెట్టు మీదా ఇక అడ్డగీత కొట్టను. రెండు, కూలెంటు మిగిలితే సంబరపడను. మూడు, ఇంజను నుంచి కారే నీళ్ళకు కారణం ఎంతైనా వివరిస్తాను గాని, మా నాయన ముఖం మీద కారే నీళ్ళకు కారణం ఇంకెవరికీ, ఎప్పటికీ చెప్పను. ఇప్పుడు మీకు చెప్పింది లెక్కలోకి రాదు.